దాచుకున్న లింకు మళ్ళీ దొరకాలంటే

ఈమధ్య ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్ళలో చాలావరకు ఒకటే బాధ. చదివాం, బాగుందని దాచుకున్నాం, అవసరమైనప్పుడు దొరకడం లేదు. నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కేటలాగు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే కార్డులు రాయడమే అక్కడ నా పని. అందుకే బుక్‌మార్కుల గురించి, అంటే బ్రౌజర్‌లో దాచుకునే లింకుల గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నాను. పొద్దంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే ఉంటాను. లాప్‌టాప్‌లో హిస్టరీ, జాగ్రఫీ, ఎకానమీ, కరెంట్ అఫైర్స్ అని ఫోల్డర్లు చేసుకుని లింకులు దాస్తున్నాను. కానీ కొన్ని పేజీలు ఎందులో వేయాలో తేలదు. మూసీ వరదల మీద మంచి వ్యాసం దొరికింది. దాన్ని హిస్టరీలో వేశానా, డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌లో వేశానా గుర్తు రావడం లేదు. రివిజన్ టైమ్‌లో ఇలా వెతుక్కోవాలంటే టెన్షన్ వస్తోంది. ట్యాగులు పెట్టుకోమని ఫ్రెండ్ చెబుతోంది. ఫోల్డర్లకంటే అవి ఎందులో మేలు?
– ఒక పాఠకురాలు, అశోక్‌నగర్

జవాబు: అమ్మా, మీరు చెప్పిన వ్యాసంతోనే చూద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చింది. అది చరిత్ర. మళ్ళీ అలాంటిది రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని నిజాం ప్రభుత్వం పిలిపించింది. దాని ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే అదే వ్యాసం విపత్తు నిర్వహణకూ పనికొస్తుంది, నగరానికి తాగునీరు ఎలా వచ్చిందన్న ప్రశ్నకూ పనికొస్తుంది, జాగ్రఫీలో నదులకూ పనికొస్తుంది. ఫోల్డర్ అయితే వీటిలో ఒక్కటే ఎంచుకోమంటుంది. మీరు ఆ రోజు ఏ మూడ్‌లో ఉంటే అందులో వేస్తారు. ఆర్నెల్ల తర్వాత వెతికేటప్పుడు ఆ మూడ్ గుర్తుండదు కదా.

లైబ్రరీలో ఈ చిక్కు ఎప్పటినుంచో ఉంది. పుస్తకం ఒక్క కాపీయే ఉంటే అలమరలో ఒక్కచోటే పెట్టగలం. అందుకని కేటలాగు డ్రాయర్లలో దానికి కార్డులు ఎక్కువ రాసేవాళ్ళం. రచయిత పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, అందులోని విషయాల మీద విడివిడిగా మరికొన్ని. ఎవరు ఏ దారిన వచ్చి వెతికినా ఆ ఒక్క పుస్తకం దగ్గరికే చేరాలి. మీ ఫోల్డర్ అలమర అనుకోండి, ట్యాగులు, అంటే లింకుకు మనం తగిలించే గుర్తుమాటలు, ఆ కార్డులు. వరదల వ్యాసానికి "మూసీ", "వరదలు", "హైదరాబాద్ చరిత్ర", "విపత్తు నిర్వహణ" అని నాలుగు ట్యాగులు పెడితే నాలుగు వైపుల నుంచీ అది దొరుకుతుంది.

మరి ఏ మాటలు పెట్టాలి? ఇక్కడే చాలామంది తడబడతారు. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి నన్ను నడిపించింది ఎస్.ఆర్. రంగనాథన్ గారి ఆలోచన. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా ఆయన 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించారు. ఒక విషయాన్ని ఒకే పెట్టెలో కుక్కకుండా, దాన్ని ముఖాలుగా విడదీసి చూడమన్నారు. అసలు వస్తువు ఏమిటి, అది దేనితో ముడిపడింది, అక్కడ ఏం జరుగుతోంది, ఎక్కడ, ఎప్పుడు. ఈ పద్ధతిని పూర్తిగా నేర్చుకోవాలంటే చాలా కాలం పడుతుంది. మీ పనికి నాలుగు చిన్న ప్రశ్నలు చాలు. ఇది దేని గురించి? ఏ ఊరి, ఏ ప్రాంతం సంగతి? ఏ కాలం? ఇక్కడ నాకు దొరికేది ఏమిటి, అంటే మ్యాపా, పట్టికా, పాత ప్రశ్నపత్రమా, ఫోటోలా? అన్నింటికీ జవాబు ఉండాలని లేదు. ఉన్నవాటికే ట్యాగు.

వీటికి నేను ఇంకొకటి కలుపుతాను, నా అనుభవంలో అదే అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది: ఇది నాకు మళ్ళీ ఎప్పుడు కావాలి? మీ విషయంలో "మెయిన్స్ ఉదాహరణ" అని ఒక ట్యాగు పెట్టుకోండి. వ్యాసరూప జవాబు రాసేటప్పుడు ఉటంకించదగ్గ సంఘటన, సంఖ్య ఉన్న పేజీలకు మాత్రమే అది తగిలించండి. పరీక్షకు ముందు ఆ ఒక్క ట్యాగు తెరిస్తే చాలు, చరిత్రవీ, ఎకానమీవీ, పర్యావరణానివీ అన్నీ వరసగా కనిపిస్తాయి. ఏ ఫోల్డరూ ఈ పని చేయలేదు.

ఇక చేసే విధానం. ఫైర్‌ఫాక్స్ వాడితే పని సులువు. కంట్రోల్, డి కలిపి నొక్కితే బుక్‌మార్క్ పెట్టె తెరుచుకుంటుంది. అందులోనే ట్యాగుల గడి ఉంటుంది. మాటకూ మాటకూ మధ్య కామా పెట్టి రాయండి. తర్వాత అడ్రస్ బార్‌లో ప్లస్ గుర్తు, ఒక ఖాళీ, ఆపైన మాట కొడితే ట్యాగులు పెట్టిన పేజీల్లోనే వెతుకుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కితే వచ్చే కిటికీలో మీ ట్యాగులన్నీ ఒక పక్కన జాబితాగా ఉంటాయి.

క్రోమ్‌లో ట్యాగుల సౌకర్యం లేదు. అయినా దారి ఉంది. బుక్‌మార్క్ పేరును మనం మార్చుకోవచ్చు కాబట్టి, పేరు చివర హ్యాష్ గుర్తుతో మీ మాటలు చేర్చండి. "1908 వరద #మూసీ #విపత్తు" అన్నట్టు. కంప్యూటర్‌లో అడ్రస్ బార్‌లో @ గుర్తు, దాని వెంటనే బుక్‌మార్క్స్ అన్న మాట ఇంగ్లిషులో కొట్టి ట్యాబ్ నొక్కితే, ఆ తర్వాత మీరు కొట్టే మాటను బుక్‌మార్కుల్లోనే వెతుకుతుంది. హ్యాష్ ఎందుకంటే, వ్యాసం శీర్షికలో మామూలుగా వచ్చే "మూసీ"కీ, మీరు ఆలోచించి పెట్టిన "#మూసీ"కీ తేడా కంటికి తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, ఉద్యోగరీత్యా ఉప్పల్‌లో ఉంటున్నాం. నాన్నగారి పేరు మీద కొంచెం పొలం ఉంది. దాని పత్రాల కోసం ప్రభుత్వ వెబ్‌సైట్లు, సర్క్యులర్లు, పేపర్ వార్తలు "ధరణి" అనే ట్యాగు కింద దాచాను. ఇప్పుడు అది భూభారతి అయింది. కొత్తవి ఆ పేరుతో దాస్తున్నాను. మా తమ్ముడికి లింకు పంపాలంటే రెండు చోట్లా వెతుకుతున్నాను. పాతవన్నీ మార్చాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పేరు మార్చడం కంటే ట్యాగు ఎంచుకునే పద్ధతి మార్చండి. ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది, భూభారతి 2025 ఏప్రిల్ 14న. రేపు ఇంకో పేరు రావచ్చు. మన రాష్ట్రంలో 2024లో టీఎస్ అన్నచోటల్లా టీజీ వచ్చింది. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. సంస్థ పేరునే ట్యాగుగా పెట్టుకున్నవాళ్ళందరికీ మీ ఇబ్బందే వచ్చి ఉంటుంది.

మీ పొలం మాత్రం పొలమే. అందుకని "పొలం" అని పైట్యాగు ఒకటి ఉంచండి. దానితోపాటు పని పేరు పెట్టండి: "పహాణీ", "పాస్‌బుక్", "మ్యుటేషన్", "సర్వే", "స్లాట్ బుకింగ్". ఊరిలో ఇల్లు, ఇక్కడ ఫ్లాటు కూడా ఉంటే వాటికి "ఇల్లు", "ఫ్లాటు" అని వేరుగా ఉండాలి. ఎందుకంటే వాటి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఆస్తి పన్ను సంగతులు వేరే శాఖల దగ్గర ఉంటాయి. పోర్టల్ పేరు కూడా ట్యాగుగా ఉండొచ్చు, తప్పు లేదు. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. మీ దగ్గరున్న పాత "ధరణి" ట్యాగును తీసేయకండి. పాత నిబంధన ఏమిటో చూడాల్సి వచ్చినప్పుడు అది పనికొస్తుంది. ఆ లింకులన్నింటికీ "పొలం" కూడా చేర్చేయండి చాలు. మీ తమ్ముడు అడిగినప్పుడు ఒక్కచోటే చూస్తారు.

ఇంకొక మాట, ఇది ట్యాగుల కంటే ముఖ్యం. పోర్టల్ మారినప్పుడు పాత లింకులు తెరుచుకోకపోవచ్చు. ట్యాగు ఎంత బాగా పెట్టినా అవతల పేజీ లేకపోతే ఏం లాభం? భూమి కాగితాలకు సంబంధించిన సర్క్యులర్ ఏదైనా కనిపిస్తే లింకుతో ఆగకుండా పీడీఎఫ్ దించుకుని, ఫైలు పేరులో కూడా అవే మాటలు రాసి పెట్టుకోండి. అందరికీ అందుబాటులో ఉండే పేజీ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దాని నకలు భద్రం చేసే వీలుంది. 2001 నుంచి అది ప్రజలకు అందుబాటులో ఉంది. అసలు పేజీ పోయినా పాత అడ్రస్‌తో అక్కడ వెతకవచ్చు. మీ సొంత వివరాలు, సర్వే నంబరు కనిపించే పేజీలను మాత్రం అలా పెట్టకండి.

ప్రశ్న: నేను తెలుగు సాహిత్యం ఇష్టంగా చదువుతాను. ‘ఈమాట’ వెబ్ పత్రిక వ్యాసాలు, వికీసోర్స్‌లో పాత పుస్తకాలు, ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పత్రికలు దాచుకుంటాను. ట్యాగులు తెలుగులో పెట్టాలా, ఇంగ్లిషు అక్షరాల్లోనా? ఇప్పుడు రెండూ కలిసిపోయి గందరగోళంగా ఉంది. పైగా "కథ" అనీ "కథలు" అనీ రెండు ట్యాగులు తయారయ్యాయి.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: తెలుగులోనే పెట్టండి. ఇంగ్లిషు అక్షరాల్లో మన మాటలకు స్థిరమైన స్పెల్లింగ్ లేదు. కథ అన్న రెండక్షరాల మాటను మనవాళ్ళు ఎన్ని రకాలుగా కొడతారో వాట్సాప్‌లో చూస్తూనే ఉన్నాం. దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు వేస్తారు, ఇంకొకరు ఒకటే వేస్తారు. ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించారు. వెతికేవాళ్ళకు అది ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. మీరు దాచుకునేటప్పుడు ఆ పుస్తకానికి తెలుగు పేరు, రచయిత పేరు మీ చేత్తో రాసుకుంటే ఆ కష్టం మళ్ళీ పడక్కర్లేదు.

తెలుగులో రాసినా కొన్ని జాగ్రత్తలు కావాలి. ఇవి ఇంగ్లిషులో రాసిన సలహాల్లో దొరకవు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది విభక్తి. మన భాషలో మాట చివర ఏదో ఒకటి అతుక్కుంటుంది. వరంగల్‌లో, వరంగల్‌కు, వరంగల్ నుంచి. ట్యాగుకు ఎప్పుడూ ఏమీ అతుక్కోని మాటే ఉండాలి. రెండోది ఏకవచనం, బహువచనం. లైబ్రరీ అలవాటు ప్రకారం లెక్కపెట్టగలిగినవాటికి బహువచనం మేలు: కథలు, కవితలు, ముఖాముఖిలు, వంటలు. లెక్కకు రానివాటికి ఏకవచనం: ఛందస్సు, వ్యాకరణం, విమర్శ. మీరు తిరగేసి పెట్టుకున్నా నష్టం లేదు, ఒక్కటే పద్ధతి ఉండాలి అంతే.

మూడోది పర్యాయపదాలు. ఓరుగల్లు అని కాకతీయుల వ్యాసానికి, వరంగల్ అని ఈనాటి నగరం వ్యాసానికి పెడితే అది తెలిసి చేసిన విభజన, బాగుంటుంది. తెలియక ఒకసారి అదీ ఒకసారి ఇదీ పెడితే సగం లింకులు కనబడకుండా పోతాయి. సినిమా, చలనచిత్రం. పల్లె, గ్రామం. ఇలాంటి జంటల్లో మీరు నోటితో అనేదే ఉంచుకోండి. వెతికేటప్పుడు తట్టేది ఆ మాటే.

నాలుగోది కంటికి కనబడని చిక్కు. "హైదరాబాద్‌లో" అన్న మాటలో పొల్లు పక్కన "లో" వత్తుగా మారిపోకుండా ఆపడానికి ఒక అదృశ్య అక్షరం వేస్తారు. మీరు ఏదైనా వ్యాసంలోంచి ఆ మాటను కాపీ చేసి, "లో" తీసేసి ట్యాగుగా అతికిస్తే ఆ కనబడని అక్షరం చివర మిగిలిపోవచ్చు. చూడటానికి రెండూ "హైదరాబాద్" లాగే ఉంటాయి. చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం రెండు వేర్వేరు ట్యాగులుగా లెక్కేస్తాయి. ఒకే ట్యాగు జాబితాలో రెండుసార్లు కనిపిస్తోందని ఇద్దరు ముగ్గురు పాఠకులు రాశారు. చాలావరకు కారణం ఇదే అయి ఉంటుంది. ట్యాగును కాపీ చేయకుండా కీబోర్డుతో కొట్టండి. ఒకసారి పెట్టిన ట్యాగు అయితే మొదటి రెండక్షరాలు కొట్టగానే సూచనగా వస్తుంది, దాన్నే ఎంచుకోండి.

మీ ట్యాగుల జాబితాను ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. మేము లైబ్రరీలో విషయ శీర్షికల జాబితా పక్కన లేకుండా కార్డు రాసేవాళ్ళం కాదు. కొత్త మాట పెట్టాలనిపించినప్పుడు, అదే అర్థంతో పాతది ఉందేమో ఒకసారి అందులో చూస్తే సరిపోతుంది.

ప్రశ్న: ఒక్కో లింకుకు ఎన్ని ట్యాగులు పెట్టాలండీ? నేను వంటలు, పిల్లల స్కూల్ ప్రాజెక్టులు, మా అత్తగారి షుగర్ గురించినవి దాస్తుంటాను. పెట్టడం మొదలుపెడితే పది దాకా పోతున్నాయి.
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: రెండు నుంచి నాలుగు. పది పెట్టే ఓపిక వారం రోజులే ఉంటుంది, తర్వాత అసలు పెట్టడమే మానేస్తారు. వంటల పేజీ అన్నింటికీ "వంటలు" ఉంటే, ఆ ట్యాగు తెరిచినప్పుడు అన్నీ వచ్చి పడతాయి. దాని పక్కన "చిరుధాన్యాలు" లేదా "టిఫిన్ బాక్సు" లేదా "సంక్రాంతి" ఉంటేనే పని జరుగుతుంది. కొర్రల ఉప్మా పేజీకి "వంటలు, చిరుధాన్యాలు, షుగర్" అని పెట్టండి. అత్తగారి కోసం ఏం వండాలన్నప్పుడు "వంటలు", "షుగర్" రెండూ ఉన్నవి వెతికితే అదే ముందుకొస్తుంది. షుగర్‌కు సంబంధించిన మందుల లింకులు వేరే వరసలో ఉంటాయి. ఆరోగ్యం పేజీలకు మాత్రం ఏ సంవత్సరం సమాచారమో ట్యాగులో రాయండి. డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు పాతదేదో కొత్తదేదో తెలుస్తుంది.

ప్రశ్న: ఉస్మానియాలో పరిశోధన చేస్తున్నాను. ఒకప్పుడు మన ట్యాగులతో ఇతరులు దాచుకున్న లింకులు కూడా చూసే సైట్లు ఉండేవని మా గైడ్ గారు చెప్పారు. ఇప్పుడు అలాంటివి ఉన్నాయా? కొత్త సమాచారం కనుక్కోవడానికి ట్యాగులు ఉపయోగపడతాయా?
– ఒక పరిశోధక విద్యార్థి, తార్నాక

జవాబు: మీ గైడ్ గారు చెప్పింది డెలిషియస్ గురించి అయి ఉంటుంది. జాషువా షాక్టర్ 2003లో మొదలుపెట్టారు. అందులో మీరు దాచిన లింకు పక్కనే దాన్ని ఇంకెంతమంది దాచుకున్నారో, ఏ మాటలతో దాచుకున్నారో కనిపించేది. ఒక మాట నొక్కితే ఆ మాటతో ప్రపంచంలో ఎవరెవరు ఏమేం దాచారో తెరుచుకునేది. పైనుంచి ఎవరూ వర్గీకరణ ఇవ్వకుండా మామూలు జనం పెట్టుకున్న మాటలతోనే ఏర్పడే ఈ పద్ధతికి 2004లో థామస్ వాండర్ వాల్ ఫోక్సానమీ అని పేరు పెట్టారు. వర్గీకరణే వృత్తిగా బతికిన నాకు అది ఎంతో నచ్చింది. మేము ఒక పుస్తకానికి శీర్షిక ఇచ్చేటప్పుడు పాఠకుడు ఏ మాటతో వస్తాడోనని ఊహించేవాళ్ళం. అక్కడ పాఠకులే చెప్పేశారు.

2005 డిసెంబరులో యాహూ దాన్ని కొంది. తర్వాత చేతులు మారుతూ వచ్చి, 2017లో పిన్‌బోర్డ్ అనే చిన్న సేవ దాన్ని కొనేసింది. లింకులు దాచుకునే పాకెట్ అనే ఇంకో సేవను 2025 జూలై 8న మూసేశారు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పరిశోధకులు ఏళ్ళ తరబడి దాచుకుంటారు, సేవలు అంతకాలం ఉండకపోవచ్చు. ఏది వాడినా మీ లింకులను హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దించుకునే వీలు ఉందో లేదో ముందు చూడండి. ప్రతి సెమిస్టరు చివర ఒకసారి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పిన్‌బోర్డ్‌కు డబ్బు కట్టాలి. రెయిన్‌డ్రాప్ అనే ఇలాంటి సేవలో ఉచితంగా మొదలుపెట్టవచ్చు, ట్యాగులు ఉంటాయి, మీ సేకరణను కావాలంటే బయటివాళ్ళకు చూపించవచ్చు. ఏది అందరికీ కనబడుతోందో, ఏది మీకే కనబడుతోందో సెట్టింగుల్లో చూసుకోండి. ఇంకా అచ్చు కాని పరిశోధన ఆధారాలను బహిరంగంగా ఉంచకపోవడం మంచిది.

తెలుగులో ఇతరులు వర్గీకరించిన దాన్ని వాడుకోవాలంటే నా దృష్టిలో ఇప్పటికి మంచి చోటు తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ పనిలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ప్రతి వ్యాసానికీ వర్గాలు పెడుతూ వచ్చారు. వ్యాసం చదివి అక్కడితో మూసేయకండి, వర్గాల దాకా వెళ్ళండి. ఒక వర్గం నొక్కితే మీరు పేరు కూడా వినని వ్యక్తులు, ఊళ్ళు, పత్రికలు వరసగా కనిపిస్తాయి.

సొంత సేకరణలోనూ కొత్తవి కనిపిస్తాయి. హైదరాబాద్ రాష్ట్రంలో గ్రంథాలయోద్యమం మీద మీరు పనిచేస్తున్నారనుకోండి. 1901లో సుల్తాన్‌బజార్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గురించిన పేజీలకు "గ్రంథాలయాలు" అని ఉంటుంది. నిజాం కాలపు పత్రికల మీద దాచినవాటికి "పత్రికలు" అని ఉంటుంది. ఈ రెండు ట్యాగులూ పడిన పేజీలు మాత్రమే చూడండి. వేర్వేరు నెలల్లో, వేర్వేరు పనులకోసం దాచినవి పక్కపక్కన చేరతాయి. రెండింట్లోనూ వచ్చే మనుషుల పేర్లు అప్పుడు కళ్ళబడతాయి. నా దగ్గరికి వచ్చే పరిశోధకుల్లో చాలామందికి కొత్త అధ్యాయం ఆలోచన ఇలా రెండు శీర్షికలు కలిసేచోటే తట్టింది.

ప్రశ్న: పాత బుక్‌మార్కులు వేలల్లో ఉన్నాయి. అన్నింటికీ ఇప్పుడు ట్యాగులు పెట్టాలా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: అక్కర్లేదండీ. వాటన్నింటినీ "పాతవి" అని ఒకే ఫోల్డర్‌లోకి నెట్టేయండి. ఈరోజు నుంచి దాచేవాటికి మాత్రం ట్యాగు లేకుండా సేవ్ చేయకండి. పాతవాటిలో ఏదైనా అవసరమై వెతికి తెరిచారంటే, మూసేముందు దానికి రెండు ట్యాగులు పెట్టి ఆ ఫోల్డర్‌లోంచి బయటికి తీయండి. ఏడాది తర్వాత కూడా అందులోనే ఉండిపోయినవి మీకు పెద్దగా అవసరం పడలేదన్నమాట. వాటిని కూడా ఫైలుగా దించి ఒకచోట పెట్టుకుని, బ్రౌజర్‌లోంచి తీసేయవచ్చు.